అంచున వదిలిన మసి

జూన్ 2, సోమవారం

మా పాత కారు ఇవాళ మళ్ళీ అదే పని చేసింది. ఇంటి ముందు ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాక కూడా బండి ఆగలేదు. దగ్గుతూ, ముందుకీ వెనక్కీ ఊగుతూ ఇంకో పది సెకన్లు తిరిగి, చివరికి పెద్దగా తుమ్మి ఊరుకుంది.

"మీ పోలికే వచ్చింది దానికి. గంట కొట్టినా పాఠం ఆపదు," అంది మా ఆవిడ గేటు దగ్గర నిలబడి.

కారణం నాకు తెలుసు. పాలిటెక్నిక్‌లో ఇరవై నాలుగేళ్లుగా ఇంజన్ల పాఠం చెప్పేవాడికి తెలియకపోతే ఎలా? పిస్టన్ల నెత్తిన కార్బన్ పేరుకుంది. ఆ మసి కణకణలాడుతూ, స్పార్కు లేకపోయినా పెట్రోలుని అంటించేస్తోంది. గట్టు ఎక్కేటప్పుడు వినిపిస్తున్న టకటకకి కూడా అదే కారణం. ఇదంతా మా ఆవిడకి పాత క్యాలెండర్ వెనక బొమ్మ వేసి మరీ వివరించాను.

"గార పట్టింది, గోకాలి. అంతేగా?" అంది. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. లోకంలో ఏ జబ్బయినా ఆవిడ కళ్ళకి గారలాగే కనిపిస్తుంది.

కాసేపాగి, గిన్నెల వైపు చూస్తూ, "షెడ్డుకి పంపండి," అంది.

షెడ్డంటే మా తమ్ముడి షెడ్డు. ఇంత పాత బండిని ముట్టుకునేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. పంపనన్నాను. ప్రత్యేకంగా కారణమేమీ లేదు. సెలవులు కదా, నేనే విప్పుదామని.

జూన్ 3, మంగళవారం

తమ్ముడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఎందుకైనా మంచిదని రాసిపెట్టుకుంటున్నాను.

జూన్ 5, గురువారం

పనిముట్లన్నీ వరండాలో పాత దుప్పటి మీద పరిచాను. చిన్న పానాలు, పెద్ద పానాలు, స్క్రూడ్రైవర్లు, సుత్తి, గ్రీజు డబ్బా, కిరోసిన్. పాఠ్యపుస్తకం కూడా పక్కనే పెట్టాను. చూడ్డానికి బాగుంది.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇక్కడ రాసుకోవచ్చు. ఈ ఇరవై నాలుగేళ్లలో నేను నా చేత్తో ఒక్క ఇంజన్ కూడా విప్పలేదు. వర్క్‌షాపు పని వేరే ఆయన చూస్తాడు. నాది బోర్డు. సుద్దముక్కతో నేను గీసిన పిస్టన్లు వేల సంఖ్యలో ఉంటాయి. వాటికెప్పుడూ మసి పట్టలేదు. ఇంజన్ నాలుగు స్ట్రోకుల పాఠం మీద పిల్లలు నన్ను వెనకాల 'స్ట్రోకుల సారు' అంటారని తెలుసు. నేనూ ముందునుంచి అలాగే అనుకుంటాను.

పైవాటాలో ఉండే రిటైర్డ్ స్టేషన్ మాస్టరు బాల్కనీలోంచి తొంగిచూశారు.

"ఏం మాస్టారూ, బండి ఎన్ని గంటలకి బయల్దేరుతుంది?"

"ఆదివారానికల్లా సిద్ధం చేస్తానండీ."

"ఏ ఆదివారమో కూడా చెప్పాలండి. మా శాఖలో అలాగే చెప్పేవాళ్ళం."

జూన్ 6, శుక్రవారం

రేడియేటర్ నీళ్ళు తీసేశాను. కార్బురేటర్, స్పార్కు ప్లగ్గులు విప్పాను. పైమూత తీస్తే లోపల వరసగా వాల్వుల్ని నొక్కే రాకర్లు, వాటి కింద పెన్సిళ్ళంత పొడుగున్న ఎనిమిది ఇనప కడ్డీలు కనిపించాయి. అచ్చం నా బొమ్మలాగే ఉంది. కాకపోతే నా బొమ్మకి ఇంత నూనె ఉండదు.

కడ్డీలు తీసి పళ్ళెంలో పెట్టబోతుంటే మా ఆవిడ వచ్చి చెప్పుల పెట్టె మూత అందించింది.

"దీనికి ఎనిమిది చిల్లులు పొడిచి, నంబర్లు వేసి, వరసగా గుచ్చండి. ఏ కడ్డీ ఎక్కడిదో అక్కడికే వెళ్ళాలి. కలిసిపోతే తంటా."

"నీకెలా తెలుసు?"

"పళ్ళకీ నంబర్లుంటాయి," అంది.

నిజమే. సామాన్యజ్ఞానం ఏ వృత్తిలోనైనా ఒకటే.

జూన్ 7, శనివారం

పిస్టన్ల మీద మూతలా ఉండే సిలిండర్ హెడ్ రాదు. బోల్టులన్నీ వదులు చేశాను. పట్టుకుని ఊపాను, లాగాను. బతిమాలాను కూడా. జిగురు పెట్టి అంటించినట్టు కూర్చుంది. సందులోకి స్క్రూడ్రైవర్ దూర్చి సుత్తితో ఒక్కటిద్దామని చెయ్యెత్తాను.

"ఆగండాగండి!" అంటూ మా ఆవిడ వెనకవైపు మెట్ల మీదనుంచి పరిగెత్తుకొచ్చింది. చేతిలో ఫోను. "సందులో ఏదీ పెట్టకూడదట. అక్కడ గీత పడితే హెడ్డు పనికిరాదట. ప్లగ్గులు మళ్ళీ బిగించి, ఇంజన్‌ని స్టార్టరుతో ఒక్కసారి తిప్పమంటున్నారు. లోపలి గాలే దాన్ని పైకి లేపుతుందట."

"ఎవరంటున్నారు?"

"మా పేషెంటొకరు. మెకానిక్కు. గార తీయించుకోడానికి వస్తున్నారు."

ప్లగ్గులు బిగించి తాళం తిప్పాను. బుస్సుమని ఒక్క నిట్టూర్పు, ఆ వెంటే హెడ్డు నెమ్మదిగా లేచింది. సిద్ధాంతం ప్రకారం అలాగే జరగాలి. కంప్రెషన్ గురించి నేను ఏటా మూడు గంటల పాఠం చెప్తాను. దాన్ని ఇలా వాడుకోవచ్చని మాత్రం తట్టలేదు.

ఒక్క అనుమానం. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్న మనిషి ఇంత వివరంగా ఎలా చెప్పాడు?

జూన్ 9, సోమవారం

నాలుగు పిస్టన్లు. నాలుగు మూకుళ్ళ అడుగుల్లాగ ఉన్నాయి. గోరుతో గీస్తే గోరు అరిగింది.

ఒకటో పిస్టన్‌ని స్క్రూడ్రైవర్‌తో మొదలుపెట్టాను. చిన్న గీత పడింది. కనిపించదు.

సాయంత్రం

కనిపిస్తుంది.

జూన్ 10, మంగళవారం

మా ఆవిడ క్లినిక్ నుంచి చెక్కపుల్లల కట్ట తెచ్చింది. పిల్లల నాలుక నొక్కి చూసే పుల్లలు.

"ఇనుముతో గోకితే పిస్టన్ గీరుకుపోతుందట. అది మెత్తటి లోహమట. చెక్కతో గోకమన్నారు, కిరోసిన్‌లో నానబెట్టి."

"మీ పేషెంటేనా?"

"ఆయనే... ఆ మనిషే. ఇంకా చెప్పారు వినండి. ఇంజన్ తిప్పి రెండు పిస్టన్లు పైకి తెచ్చుకోవాలి. కిందున్న రెండిటి గుంటల్లో గుడ్డలు కుక్కాలి. పైకొచ్చినవాటి అంచుల చుట్టూ గ్రీజు పూయాలి. రాలిన మసి గ్రీజుకి అంటుకుంటుంది కానీ పక్క సందులోకి దిగదు. ఆ గ్రీజు తుడిచేటప్పుడు కూడా బయటికే తుడవాలి, లోపలికి కాదు. మీరు బోర్డు తుడిచినట్టు తుడవద్దన్నారు."

"నేను బోర్డెలా తుడుస్తానో పేషెంటుకెలా తెలుసు?"

"అందరు మాస్టార్లూ అలాగే తుడుస్తారుగా," అని లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 11, బుధవారం

నాకు తెలుసు.

నాకు తెలుసని ఆవిడకి తెలియనివ్వను. తమ్ముడు వదిన చేత నాకు పాఠం చెప్పిస్తున్నాడు. చెప్పించుకోనీ. ఆ పేషెంటుకి నోటినిండా ఎన్ని పళ్ళున్నాయో గానీ నాలుగు రోజులుగా గార తీస్తూనే ఉన్నారు.

వాడు నాతో మాట్లాడక పదహారు నెలలు. వాళ్ళమ్మాయి నట్టుకి నా పేపర్లో రెండు మార్కులు తక్కువొచ్చాయి. (చిన్నప్పుడు షెడ్డులో దొరికిన నట్టుని ఉంగరంలా వేలికి తొడుక్కుని తిరిగేది. అది ఊడిరాక సబ్బు రాసి లాగింది నేనే. అప్పటినుంచీ నట్టే.) ఆ రెండు మార్కులతో ఆ టర్ములో తప్పింది. ఇంజన్ ఫ్యాక్టరీ వాళ్ళు ఉద్యోగానికి అడిగిన పేర్ల జాబితాలో దాని పేరు వెళ్ళలేదు. తరువాతి టర్ములో ప్యాసై తండ్రి షెడ్డులో చేరింది. పేపరు దిద్దేటప్పుడు నాకు చుట్టాలుండరు. అంతే జరిగింది. ఇంకేమీ లేదు.

సాయంత్రం, తమ్ముడికి అప్పుడప్పుడూ మోకాలు పట్టేస్తుందని గుర్తొచ్చి, ఊరికే అన్నట్టు అన్నాను: "మీ పేషెంటుకి మోకాలి నొప్పి ఎలా ఉందో అడుగు."

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఫోను తీసుకుని వెనక మెట్ల దగ్గరికెళ్ళి వచ్చింది.

"పేషెంటుకి నొప్పేం లేదట. వాళ్ళ నాన్నకేనట."

మా నాన్నకి మోకాళ్ళ నొప్పి ఉండేదన్న మాట నిజం. చనిపోయి పదేళ్లయినా తమ్ముడు గుర్తుపెట్టుకున్నాడు. వాడి మనసు మెత్తన. పైకి కనబడనివ్వడు.

జూన్ 12, గురువారం

ఒకటి, నాలుగు పిస్టన్లు పూర్తి. అంచుదాకా, అద్దంలా మెరిసేలా గోకాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు: 'కార్బన్‌ను పూర్తిగా తొలగించవలెను.' ఒకటో దాని గీత కూడా మెరుస్తోంది.

స్టేషన్ మాస్టరు అడిగారు: "ఇంకా ప్లాట్‌ఫాం మీదేనా?"

"సగం దూరం వచ్చేసిందండీ."

"సగం దూరంలో ఆగిన బండికే మాస్టారూ, జనం ఎక్కువ తిట్టేది."

సాయంత్రం మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి దూదిలో చుట్టిన వస్తువొకటి తీసింది. పాత పిస్టన్ రింగు.

"మిగతా రెండిటి మీద ఇది పెట్టుకుని గోకమన్నారు. ఇది కప్పినంత మేర అంచున మసి వదిలెయ్యాలట. పాత ఇంజన్ కదా, అరిగిపోయి ఉంటుందట. చుట్టూ ఉన్న ఆ సన్నటి మసే నూనెని పైకి రానివ్వకుండా ఆపుతుందట. మొత్తం గోకేస్తే బండి నూనె తాగడం మొదలుపెడుతుందట."

నేను ఆ రింగు చేతిలోకి తీసుకున్నాను.

"ఏమండీ, మొహం అలా పెట్టారు?"

"ఏం లేదు. కిరోసిన్ వాసన."

జూన్ 13, శుక్రవారం

పని చెయ్యలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

జూన్ 14, శనివారం

ఎండ లేదు. అయినా చెయ్యలేదు.

జూన్ 15, ఆదివారం

ఆ ప్రశ్న నాదే. 'పిస్టన్ శీర్షముపై కార్బన్‌ను తొలగించు విధానము వివరింపుము.' ఆరు మార్కులు. నట్టు ఒకటిన్నర పేజీ రాసింది. గుడ్డలు కుక్కడం, గ్రీజు, చెక్కపుల్ల, ఇనుము వాడకూడదన్న మాట అన్నీ ఉన్నాయి. చివర రాసింది: 'ఇంజన్ పాతదైతే అంచున సన్నగా మసి వదిలెయ్యాలి. మా నాన్న పాత రింగు పెట్టి గోకుతాడు.'

పూర్తిగా తొలగించమని పుస్తకం చెప్తోంది. వదిలెయ్యమని పిల్ల రాసింది. నాలుగు మార్కులు వేసి రెండు తీసేశాను. నా స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు.

రెండో పిస్టన్, మూడో పిస్టన్ రింగు పెట్టి గోకాను. పరీక్ష కోసం. రెండు పుస్తకం ప్రకారం, రెండు షెడ్డు ప్రకారం. ఒకే ఇంజన్, ఒకే నూనె, ఒకే డ్రైవరు. ఎవరు రైటో ఇంజనే తేలుస్తుంది. శాస్త్రమంటే ఇదే. నేను ఓడిపోతానన్న భయం ఏ కోశానా లేదు.

జూన్ 18, బుధవారం

సందు మూసే కొత్త గాస్కెట్ వేసి హెడ్ దించాను. బోల్టులు మధ్యనుంచి మొదలుపెట్టి అంచులకి, కొంచెం కొంచెంగా, మూడు విడతల్లో బిగించాను. ఇది నాకే తెలుసు, ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ మాత్రం ప్రతి బోల్టుకీ పక్కన నిలబడి "మధ్యనుంచి, మధ్యనుంచి" అంటూనే ఉంది.

కడ్డీలు నంబరు ప్రకారం వెళ్ళాయి. చెప్పుల పెట్టె మూత ఖాళీ అయింది. దుప్పటి మీద ఒక్క వాషరు మిగిలింది. అది ఈ బండిది కాదు. కాదనే అనుకుంటున్నాను.

జూన్ 20, శుక్రవారం

స్టార్టయింది!

రెండోసారికే. గట్టు మీద టకటక లేదు. ఇంటికొచ్చి తాళం తీస్తే ఠక్కున ఆగింది. స్టేషన్ మాస్టరు బాల్కనీలో లేచి నిలబడి తువ్వాలు ఊపారు. పచ్చ తువ్వాలే కావడం కాకతాళీయం.

లోపలికి పరిగెత్తి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ నవ్వి, "సంతోషం. నాతో చెప్పారు బానే ఉంది. ఇంకెవరితోనూ చెప్పరా?" అంది.

"ఎవరితో?"

"పేషెంటుతో."

"నువ్వే చెప్పు," అన్నాను.

"నేను చెప్పను. నేను ఉత్త టెలిఫోన్ తీగని. తీగలు మాట్లాడవు."

జూన్ 24, మంగళవారం

నాలుగు రోజులు తిప్పాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కావాలని దూరం దారిలో. పొగలో కాస్త నీలం కనిపిస్తోంది, నూనె కాలితే వచ్చే రంగు. ఎండవల్ల అలా కనిపిస్తోందేమో అనుకున్నాను. మబ్బు రోజున కూడా నీలంగానే ఉంది.

ఇవాళ నాలుగు ప్లగ్గులూ విప్పి, తెల్ల కాగితం మీద వరసగా పెట్టాను.

రెండు, మూడు: పొడిగా, లేత గోధుమరంగులో, పుస్తకంలో బొమ్మలాగా.

ఒకటి, నాలుగు: నూనెలో ముంచి తీసినట్టు తడి.

కాగితం మీద రెండు మరకలు పడ్డాయి. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ పెట్టి వెళ్ళింది. ఆవిడ అడగకపోవడం అడగడం కంటే ఘోరం.

జూన్ 25, బుధవారం

అంతే జరిగింది, ఇంకేమీ లేదు అని రాశాను ఈ డైరీలోనే. ఇంకొకటి ఉంది.

ఆ జవాబు పక్కన మార్జిన్‌లో ఎర్రసిరాతో ఒక వాక్యం రాశాను: 'ఇది పరీక్ష హాలు, షెడ్డు కాదు.'

మార్కులు తీసేస్తే చాలు కదా. ఆ వాక్యం ఎందుకు రాసినట్టు? పదహారు నెలలుగా అది రాయనట్టే తిరుగుతున్నాను. పేపరు మళ్ళీ దిద్దించమని వాళ్ళు అడిగినప్పుడు కాపీ వాళ్ళింటికి వెళ్ళింది. తమ్ముడు చూశాడు. మా ఆవిడ కూడా చూసింది. ఆవిడ ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

ఎందుకు రాశానో తెలుసు. ఇక్కడ కూడా రాయలేకపోతున్నాను.

జూన్ 26, గురువారం

వెళ్ళాలి.

జూన్ 27, శుక్రవారం

వెళ్ళలేదు. షెడ్డుకి సెలవేమోనని. కాదని మా ఆవిడ చెప్పింది.

జూన్ 28, శనివారం

వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పదింటికి షెడ్డు ముందు బండి ఆపాను. లోపల ఒక వ్యానుని జాకీల మీద ఎత్తి ఉంచారు. దాని కిందనుంచి రెండు కాళ్ళు బయటికున్నాయి. నీలం ప్యాంటు, మడమల దగ్గర అరిగిన నల్లబూట్లు. తమ్ముడి బూట్లు ఎప్పుడూ అక్కడే అరుగుతాయి. మూలన బల్ల దగ్గర ఎవరో అటు తిరిగి ఆకురాయితో ఇనుము రాస్తున్నారు. పనివాడనుకున్నాను.

మొహం కనబడకపోవడం మేలే అనిపించింది. కాళ్ళతో మాట్లాడటం తేలిక.

"నేనేరా," అన్నాను.

వ్యాను కింద పానా చప్పుడు ఆగింది.

"బయటికి రాకు. అక్కడే ఉండి విను. నీ మొహం చూస్తే నేను చెప్పలేను."

కాళ్ళు కదలలేదు.

"నట్టు రాసింది కరెక్టేరా. నాలుగు పిస్టన్లు గోకి చూశాను. రెండు నా పద్ధతిలో, రెండు దాని పద్ధతిలో. నావి రెండూ నూనె తాగుతున్నాయి. మార్కులు తీసెయ్యడం ఒక తప్పు. దాన్ని తెలియక చేశాను. పక్కన ఆ మాట రాయడం మాత్రం తెలిసే చేశాను."

దగ్గి మళ్ళీ మొదలుపెట్టాను.

"అది దాని గురించి రాసింది కాదురా. నీ గురించి రాసింది. నా క్లాసులో కూర్చుని, నా పరీక్షలో నీ పాఠం రాసింది కదా అని. 'మా నాన్న' అని రాసింది చూడు, అక్కడ మండింది నాకు. ఇరవై నాలుగేళ్లుగా ఇంజన్ల గురించి చెప్తున్నాను. ఒక్కటి విప్పిన పాపాన పోలేదు. నువ్వు రోజుకి రెండు విప్పుతావు. నీ ముందు నాకు ఎప్పుడూ చిన్నతనమే. దాన్ని ఎర్రసిరాలో పెట్టి ఆడపిల్ల మీద చల్లాను."

ఆకురాయి చప్పుడు కూడా ఆగింది.

"అయినా నువ్వు వదిన చేత అన్నీ చెప్పించావు. పానా పట్టుకోవడం దగ్గర్నుంచీ. నా పరువు కాపాడావు. రింగు కూడా పంపావు. నీకున్న పెద్దమనసు నాకు లేదురా."

అప్పుడు కాళ్ళు, "పెదనాన్నా," అన్నాయి.

చక్రాల బల్ల దొర్లుకుంటూ బయటికొచ్చింది. దాని మీద వెల్లకిలా నట్టు. బుగ్గన గ్రీజు చార.

"నాన్నకి మోకాళ్ళు పట్టేశాయి. ఆర్నెల్లయింది. కిందకి దూరేది నేనే. బూట్లు నాన్నవి."

నేను బల్ల దగ్గరికి చూశాను. ఆకురాయి పట్టుకున్న మనిషి ఇటు తిరగలేదు. ఆ వీపు నాకు తెలియనిదా? దాన్నే పనివాడనుకున్నాను.

"మరి... మీ పెద్దమ్మకి ఫోన్లో చెప్పింది?"

"నేనే. రింగు ఇచ్చింది కూడా నేనే. నాన్న చెప్పుంటే మొదటి రోజే ఫోన్లో మిమ్మల్ని నాలుగు తిట్టేవారు."

మీరంది. పుట్టినప్పటినుంచీ నన్ను నువ్వన్న పిల్ల.

మూడు వారాలుగా నాకు పాఠం చెప్పింది నేను పరీక్ష తప్పించిన పిల్ల. పక్కన ఉన్న టైరు మీద కూర్చున్నాను. అది ఎవరి టైరో, తడిగా ఉంది. లేవలేదు.

"తప్పయిపోయిందే తల్లీ," అన్నాను. "ఎందుకు చెప్పావు నాకు?"

"పెద్దమ్మ అడిగింది. పైగా సుత్తి పట్టుకున్నారని చెప్పింది." నవ్వబోయి ఆపుకుంది. లేచి కూర్చుని చేతులు గుడ్డతో తుడుచుకుంటూ అంది: "మార్కుల సంగతి ఎప్పుడో వదిలేశాను పెదనాన్నా. ఫ్యాక్టరీ సంగతి వదలడానికి కొంచెం టైం పట్టింది. ఆ ఎర్రసిరా మాటే వదల్లేదు. ఆ పేపరు చూసిన రోజు నాన్న మధ్యాహ్నమే షెడ్డు మూసేశారు. ఎవరు చచ్చిపోయినా మూయలేదు ఇది. ఆ రోజు మూసేసి ఇంటికొచ్చి పడుకున్నారు."

తడిసిన ప్యాంటు దులుపుకుంటూ టైరు మీదనుంచి లేచాను.

నట్టు లేచి నా బండి దగ్గరికి నడిచింది. బానెట్ తెరిచి, స్టార్టు చెయ్యమంది. చెయ్యి నడుం మీద పెట్టుకుని, తల ఒక పక్కకి వంచి వింది.

"ఒకటి, నాలుగు అద్దంలా గోకారు కదూ?"

"పుస్తకంలో..."

"తెలుసు. క్లాసులో మీరే చెప్పారు." ఈసారి నవ్వు ఆపుకోలేదు. "వాటికేం చెయ్యలేం. మళ్ళీ మసి పట్టేదాకా తాగుతాయి. అంతవరకూ నూనె చూసుకుంటూ ఉండండి. రెండోదాని రాకర్ దగ్గర మాత్రం సందు ఎక్కువుంది, టిక్కుటిక్కుమంటోంది. ఆపండి, సరిచేస్తాను. ఆ లైటిలా పట్టుకోండి."

గోడకి వేలాడుతున్న చేతిలైటు తీసి పట్టుకున్నాను. షెడ్డు లోపల పగలు కూడా చీకటే. పైమూత తీసి పని మొదలుపెట్టింది. ఇనప రేకంత పల్చటి కొలతపట్టీ సందులోకి దూర్చి, లాగి, మళ్ళీ దూర్చి. ఇది నేను వంద సార్లు బోర్డు మీద గీసిన బొమ్మ. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"కదపకు పెదనాన్నా! నీ తల నీడ పడుతోంది."

నువ్వంది. అన్నట్టు దానికి తెలియలేదు. నేను ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకున్నాను.

ఆకురాయి బల్ల మీద పెట్టిన చప్పుడైంది. కుంటుకుంటూ అడుగులు దగ్గరికొచ్చాయి. తమ్ముడు బండికి అటువైపు నిలబడి, రెండు చేతులూ అంచు మీద ఆనించి, ఇంజన్లోకి వంగాడు. జుట్టు బాగా నెరిసింది. నా వైపు చూడలేదు. నేను బిగించిన బోల్టులు ఒక్కొక్కటే వేలితో తడిమాడు. గాస్కెట్ అంచు చూశాడు. ఎక్కడా ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోతే పని బాగున్నట్టు. చిన్నప్పటినుంచీ అంతే.

పదహారు నెలల తరువాత వాడి మొదటి మాట కోసం నేను అక్కడ లైటు పట్టుకుని నిలబడ్డాను. తిట్టినా సరే అనుకున్నాను. నా మాటలకి వాడి దగ్గర ఎన్ని జవాబులున్నాయో, ఏది ముందొస్తుందో అని చూస్తున్నాను.

"అన్నయ్యా," అన్నాడు, ఇంజన్లోకే చూస్తూ. "లైటు కాస్త కిందికి."

దించాను.

జూన్ 29, ఆదివారం

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు చీమలు పాకినట్టున్నాయి. కుడిచెయ్యి భుజందాకా పట్టేసింది. నిన్న నా బండి అయ్యాక వ్యాను దగ్గరికి కూడా లైటు పట్టుకుని వెళ్ళాను. రెండు గంటలు, ఒకే చెయ్యి. మార్చుకోవచ్చు. కానీ మార్చుకుంటే లైటు కదులుతుంది. కదిలితే ఇంకెవరికైనా ఇచ్చేస్తారేమోనని.

మా ఆవిడ భుజానికి నూనె మర్దన చేస్తూ, "రేపు విశ్రాంతి తీసుకోండి," అంది.

"కుదరదు. వ్యాను పని సగంలో ఉంది. రేపు పెందలాడే రమ్మన్నారు."

"ఎవరు? నట్టా?"

"కాదు," అన్నాను. "వాడే."